మన ఆడవాళ్ళ కాగితాలు ఎక్కడ?

2025లో మన ముస్లిం సమాజం ఒక పని మీద ఊపిరి సలపకుండా తిరిగింది. వక్ఫ్ సవరణ చట్టం వచ్చాక జూన్ 6న కేంద్ర ప్రభుత్వం 'ఉమీద్' పోర్టల్ తెరిచింది. మసీదులు, దర్గాలు, ఖబరస్తాన్లు, ఆషూర్‌ఖానాల వివరాలు ఆరు నెలల్లో అందులో నమోదు చేయాలన్నారు. ముతవల్లీలు, మసీదు కమిటీ పెద్దలు బీరువాలు దులిపారు. పాత మున్తఖబ్‌ల కోసం, గెజిట్ ప్రతుల కోసం, పహాణీల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. తాతల నాటి ఉర్దూ కాగితాన్ని చదివి చెప్పగల పెద్దమనిషి కోసం వెతికారు. డిసెంబరు మొదటి వారం వచ్చేసరికి కాగితం దొరికినవారు హమ్మయ్య అనుకున్నారు. దొరకనివారు తల పట్టుకున్నారు.

ఆ చట్టం మంచిచెడ్డలు ఇక్కడ మా చర్చ కాదు. ఆ ఆరు నెలలు మనకు నేర్పిన పాఠమే మాకు ముఖ్యం. చేతిలో కాగితం లేని హక్కు గాలిలో పెట్టిన దీపం. అందరికీ తెలిసిన నిజమే అయినా, రాసిన ముక్క చూపించలేకపోతే ఆ నిజం కచేరీ గుమ్మం దాటదు.

ఈ పాఠాన్ని పట్టుకుని మేము మరో ప్రశ్న అడగదలచాం. భూముల కాగితాల కోసం ఇంత తిరిగిన మనం, మన తల్లులు, అక్కచెల్లెళ్ళు తమ హక్కుల కోసం చేసిన పోరాటాల కాగితాలను ఎక్కడ దాచాం? వాళ్ళు రాసిన అర్జీలు, ఉత్తరాలు, సభల తీర్మానాలు, పెట్టిన పత్రికలు, నడిపిన కేసుల కట్టలు ఎవరి దగ్గర ఉన్నాయి? అసలు ఉన్నాయా?

డోంగ్లి నుంచి చూస్తే

ఈ ప్రశ్నను హైదరాబాదులో కూర్చుని అడగడం తేలిక. అందుకే రాష్ట్రం అంచున ఉన్న ఒక ఊరి నుంచి చూద్దాం. డోంగ్లి ఇప్పుడు కామారెడ్డి జిల్లా బాన్సువాడ రెవెన్యూ డివిజన్‌లో ఒక మండల కేంద్రం. మొన్నమొన్నటి దాకా మద్నూర్ మండలంలో ఒక ఊరు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడే వరకు ఈ ప్రాంతమంతా నిజామాబాద్ జిల్లా. కాస్త దూరం వెళితే మహారాష్ట్ర సరిహద్దు. అటు దెగ్లూర్, ఇంకో వైపు కర్ణాటకలోని బీదర్ జిల్లా. 1956 నవంబరు 1 దాకా ఇవన్నీ ఒకే హైదరాబాదు రాష్ట్రం. ఆ రోజు కాగితం మీద గీత గీశారు. చుట్టరికాలు మాత్రం ఆ గీత దగ్గర ఆగలేదు. ఇటు పిల్లను అటు ఇవ్వడం, అటు పిల్లను ఇటు తెచ్చుకోవడం నేటికీ సాగుతూనే ఉంది.

ఇలాంటి ఊళ్ళో ఒక సాధారణ ముస్లిం ఇల్లాలి ట్రంకుపెట్టె తెరిస్తే ఏముంటుంది? అడుగున నికాహ్‌నామా ఉండవచ్చు. అది ఉర్దూలో ఉంటుంది. రేషన్ కార్డు తెలుగులో, సరిహద్దు అవతలి భర్త కాగితాలు మరాఠీలో, కోర్టు నోటీసు ఇంగ్లీషులో. పుట్టింటి కాగితంలో 'బీ' అని ఉన్న పేరు అత్తింటి కాగితంలో 'బేగం' అవుతుంది. బడి రికార్డులో పుట్టిన తేదీ ఒకటి, ఆధార్‌లో మరొకటి. గల్ఫుకు పోయిన కొడుకు పాత ఉత్తరాలు ఉంటాయి. పెద్దమనుషులు పంచాయితీ చేసి రాయించిన స్టాంపు కాగితం ఉంటుంది. పొదుపు సంఘం పుస్తకం ఉంటుంది. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టిన ఇల్లాలైతే కార్ఖానా పాసుబుక్కు కూడా ఉంటుంది.

వీటిని మనం పాత కాగితాలంటాం. కానీ ఒక్కసారి ఆలోచించండి. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు జీవన భృతి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు భవిష్య నిధి ఖాతా ఉన్నవారినే అర్హులుగా లెక్కించింది. ఇరవై ఏళ్ళు ఆకు కత్తిరించి, వేళ్ళు అరిగేలా చుట్టినా, కార్ఖానా లెక్కలో పేరు లేని స్త్రీ ఆ రోజు కార్మికురాలు కాకుండా పోయింది. మరి ఆ పేరు ఎక్కించమని కార్ఖానా ముందు నిలబడి అడిగిన స్త్రీ చేసింది ఏమిటి? హక్కుల ఉద్యమమే కదా! ఆమె ఇచ్చిన అర్జీ కాగితం ఆ ఉద్యమానికి చరిత్ర కాదా?

ఉద్యమకారిణి అంటే మైకు ముందు మాట్లాడినవారే అనుకోవడం పొరపాటు. మహర్ అడిగి తీసుకున్నావిడ, తలాక్ చెప్పి వెళ్ళిపోయిన భర్త మీద భరణం కేసు వేసినావిడ, కూతురిని కాలేజీకి పంపడానికి ఊరి పెద్దలతో వాదించినావిడ, వీరందరూ ఆ వరుసలోనివారే. వారి కాగితాలు పెట్టెలో చెదలు పడుతున్నాయి.

పుటలు కాపాడింది ఒక స్త్రీ

ఇదంతా పాశ్చాత్యుల పద్ధతి, మన దీన్‌లో స్త్రీకి, కాగితానికి ఏమి సంబంధం అని కొందరు అనవచ్చు. వారికి మన చరిత్రనే గుర్తు చేయాలి.

యమామా యుద్ధంలో ఎందరో హాఫిజ్‌లు షహీదులైన తరువాత హజ్రత్ అబూబకర్ (రజి) ఆజ్ఞపై హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) దివ్య ఖుర్ఆన్ భాగాలన్నిటినీ ఒకచోట రాయించి కూర్చారు. ఆ పుటలు హజ్రత్ అబూబకర్ (రజి) దగ్గర, ఆయన తరువాత హజ్రత్ ఉమర్ (రజి) దగ్గర ఉన్నాయి. ఆ తరువాత ఎవరి చేతికి వెళ్ళాయి? విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి) చేతికి. హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో ప్రతులు రాయించవలసి వచ్చినప్పుడు ఖలీఫా ఆమె దగ్గరికి మనిషిని పంపి ఆ పుటలు అడిగి తెప్పించుకున్నారు. పని అయ్యాక తిరిగి ఆమెకే అప్పగించారు. ఉమ్మత్ మొత్తానికి అత్యంత విలువైన రాతప్రతి ఒక స్త్రీ ఇంట భద్రంగా ఉందన్నమాట. ఆ హఫ్సా (రజి)కి చదువు, రాత తెలుసు. వాటిని నేర్పింది కూడా షిఫా బింత్ అబ్దుల్లాహ్ (రజి) అనే మరో స్త్రీయే.

ఖౌలా బింత్ సాలబా (రజి) సంగతి అందరికీ తెలిసిందే. అజ్ఞాన కాలపు పద్ధతిలో భర్త తనను తల్లితో పోల్చి దూరం పెడితే ఆమె ఊరుకోలేదు. దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి వాదించింది, అల్లాహ్‌కు మొరపెట్టుకుంది. ఆమె మొరను అల్లాహ్ ఆలకించాడు. 58వ సూరాకు ముజాదలా, అంటే వాదన అనే పేరే నిలిచింది. ఒక సామాన్య ఇల్లాలి ఫిర్యాదు ప్రళయ దినం దాకా పారాయణ చేయబడే గ్రంథంలో చోటు పొందింది. స్త్రీ గోడు రాసి ఉంచదగినది కాదని ముస్లిం ఎలా అనగలడు?

బఖరా సూరాలోని అతి పొడవైన ఆయత్ అప్పుల గురించి. ఇచ్చిపుచ్చుకునేది చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని దాని ఆదేశం. చెల్లించని మహర్ భర్త మీద అప్పు అని మన ఫిఖ్‌హ్ చెబుతుంది. మరి ఆ అప్పు రాసిన కాగితం అప్పు ఇవ్వవలసినవాడి బీరువాలో ఉండి, రావలసినావిడ చేతిలో లేకపోవడం ఏ న్యాయం?

మూడు తీర్పులు

ఈ మధ్య వచ్చిన మూడు తీర్పులు ఈ మాటనే మూడు విధాలుగా చెబుతున్నాయి.

మొదటిది తెలంగాణ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కుటుంబ న్యాయస్థానం నెలకు 20 వేల రూపాయల మధ్యంతర భరణం ఇవ్వాలంది. హైకోర్టు దాన్ని 10 వేలకు తగ్గించింది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి 1986 చట్టమే వర్తిస్తుంది, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ వర్తించదని భర్త వాదించాడు. 2024 జూలై 10న జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ ఆ వాదనను తోసిపుచ్చారు. 125వ సెక్షన్ దారి ముస్లిం స్త్రీకి మూసుకుపోలేదని తేల్చారు. ఆ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది. భార్య తాను నివసించే జిల్లాలోనే ఆ దరఖాస్తు పెట్టుకోవచ్చు. దెగ్లూర్‌లో కాపురం చెడి డోంగ్లి పుట్టింటికి వచ్చిన స్త్రీ కేసు కోసం మహారాష్ట్ర కోర్టుకే పోనక్కరలేదు. కానీ పెళ్ళి అయిందని చూపాలి. కాగితం కావాలి.

రెండవది తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో ఖులాపై ఇచ్చిన తీర్పు. ఒక షరయీ కౌన్సిల్ ఇచ్చిన ఖులానామాపై భర్త కోర్టుకెక్కాడు. ఖులా కోరే హక్కు భార్యకు సంపూర్ణంగా ఉందని, అది భర్త ఒప్పుకోలు మీద ఆధారపడదని హైకోర్టు అన్నది. ముఫ్తీ ఇచ్చే పత్రం సలహా మాత్రమేనని, చెల్లుబాటు తేల్చేది కుటుంబ న్యాయస్థానమని చెప్పింది. భర్త అంగీకారం విషయంలో ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి, వాటిని మేము కాదనడం లేదు. సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య దైవప్రవక్త (స) వద్దకు వచ్చినప్పుడు, మహర్‌గా తీసుకున్న తోట తిరిగి ఇచ్చేలా ఆమెను ఒప్పించి ఆయన విడుదల ఇప్పించారన్న హదీసును మాత్రం అందరూ ఒప్పుకుంటారు. తీర్పు చెప్పే ఆచరణ పాఠం వేరే. ఎవరో ఇచ్చిన ఒక పత్రం చేతిలో పెట్టుకుని పని అయిపోయిందనుకోరాదు. ఏ కాగితానికి ఎంత బలముందో స్త్రీకి తెలియాలి.

మూడవది 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చినది. పశ్చిమ బెంగాల్ కేసు. 2005లో పెళ్ళి, 2011లో విడాకులు. పెళ్ళి సమయంలో ఇచ్చిన 7 లక్షల రూపాయలు, 30 భరీల బంగారం తిరిగి ఇప్పించమని ఆమె అడిగింది. వివాదమంతా పెళ్ళి రిజిస్టరులో ఆ పద్దు ఎలా రాసి ఉందన్న దాని చుట్టూ తిరిగింది. హైకోర్టు ఆమెకు వ్యతిరేకంగా చెప్పింది. సుప్రీంకోర్టు ఆమె వైపు నిలిచింది. ఖాజీ రిజిస్టరులో ఒక వరుస సరిగా, స్పష్టంగా, ఆమెకే ఇచ్చినట్లు రాసి ఉంటే అన్నేళ్ళ తిప్పలు ఉండేవా? విడాకులైన 14 ఏళ్ళకు తేలిన ఆ కేసు ప్రతి ఆడపిల్ల తండ్రికీ హెచ్చరిక.

ఒక వేలిముద్ర, ఒక విచారణ

కాగితం ఉండగానే సరిపోదు. అందులో ఉన్నది ఎవరి మాట అన్నది కూడా చూడాలి.

1985 ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు షాబానో కేసులో తీర్పు చెప్పింది. ఇందోర్‌కు చెందిన ఆ వృద్ధురాలికి హైకోర్టు నిర్ణయించిన భరణం నెలకు 179 రూపాయల 20 పైసలు. దేశమంతా అట్టుడికింది. అదే ఏడాది నవంబరులో ఆ తీర్పు తనకు వద్దంటూ ఆమె వేలిముద్రతో ఒక బహిరంగ లేఖ ఉర్దూ పత్రికలో వచ్చింది. ఆమె గురించి వందల వ్యాసాలు, పార్లమెంటు ప్రసంగాలు, ఒక చట్టం వచ్చాయి. ఆమె స్వయంగా రాసిన కాగితం మాత్రం మన ముందు లేదు. మిగిలింది ఒక వేలిముద్ర. దాని వెనుక ఎంత బాధ ఉందో, ఎంత ఒత్తిడి ఉందో, ఎంత ఇష్టం ఉందో ఎవరికి వారు ఊహించుకోవలసిందే.

మన హైదరాబాదు సంగతి ఇంకా చేదు. 1978 మార్చిలో నల్లకుంట పోలీస్ స్టేషన్లో రమీజాబీపై అత్యాచారం జరిగింది. అడ్డుకోబోయిన భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుస్సేన్ పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమన్నది, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులను తప్పుపట్టింది. కానీ ఆ విచారణలో పోలీసుల తరఫున లేవదీసిన వాదన ఏమిటి? ఆమె నడత మంచిది కాదని, ఆమె అహ్మద్ హుస్సేన్‌కు చట్టబద్ధమైన భార్యే కాదని! న్యాయం కోరిన స్త్రీ ముందుగా తన నికాహ్‌ను రుజువు చేసుకోవలసి వచ్చింది. తరువాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. 1981లో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు.

ఆ సంఘటన హైదరాబాదులో స్త్రీల సంఘాలను కదిలించింది. నేటికీ దేశంలో స్త్రీల ఉద్యమ చరిత్ర ఎవరు రాసినా ఆ కేసు ప్రస్తావన రాక తప్పదు. కాని అది మన ఇంటి ఆడపడుచు కథ అని మనలో ఎందరు పిల్లలకు చెప్పాం?

మరచిపోయిన దక్కన్ స్త్రీలు

ఈ మరపు కొత్తది కాదు. సుగ్రా హుమాయూన్ మీర్జా పేరు విన్నవారెందరు? 1884లో పుట్టి 1958లో కన్నుమూసిన ఈ హైదరాబాదు రచయిత్రి 'అన్-నిసా' అనే ఉర్దూ స్త్రీల పత్రిక నడిపారు. నవలలు, యాత్రా రచనలు రాశారు. 1919లో స్త్రీల సంఘం అంజుమనె ఖవాతీనె దక్కన్ స్థాపనలో ముందు నిలిచారు. 1934లో బాలికల కోసం సఫ్దరియా పాఠశాల పెట్టారు. ఇల్లూ భూమీ చదువుకు ఇచ్చేశారు. మాసాబ్‌ట్యాంకు దగ్గర హుమాయూన్‌నగర్ మీదుగా రోజూ వేలమంది వెళుతుంటారు. ఆ పేరు ఆమె భర్తదని, ఆ పేరు వెనుక ఒక స్త్రీ పత్రికా సంపాదకత్వం ఉందని తెలిసినవారు తక్కువ.

తయ్యబా బేగం కుమార్తె మాసూమా బేగం ఎమ్మెల్యేగా గెలిచి, 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో చేరారు. పరదా ఇళ్ళ నుంచి వచ్చిన స్త్రీ శాసనసభ దాకా నడిచిన దారి అది. ఇక జమాలున్నిసా బాజీ. 1915లో పుట్టిన ఈమె కమ్యూనిస్టు నాయకులకు తన ఇంట ఆశ్రయమిచ్చారు. నూటొక్క ఏళ్ళు బతికి 2016లో చనిపోయారు. ఆమె రాజకీయాలతో ఏకీభవించనివారు మనలో చాలామందే ఉంటారు. చరిత్ర దాచుకోవడానికి ఏకీభవించనక్కరలేదు.

బాజీ మాటలు మనకు ఎలా దక్కాయి? స్త్రీ శక్తి సంఘటన అనే హైదరాబాదు స్త్రీల సంఘంవారు టేపు రికార్డరు పట్టుకుని తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల ఇళ్ళకు వెళ్ళారు. వారు చెప్పింది చెప్పినట్టు రాసి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకం తెచ్చారు. 1989లో అది ఇంగ్లీషులోనూ వచ్చింది. ఆ పుస్తకం పేరే మనకు సమాధానం. ఉద్యమ చరిత్రలలో ఆ స్త్రీల మాట కనిపించలేదు కాబట్టే మనుషులు బతికుండగా అడిగి రాసుకోవలసి వచ్చింది. పది, పదిహేనేళ్ళు ఆలస్యమైతే ఎన్ని గొంతులు మట్టిలో కలిసిపోయేవో!

దాచినవారికే దక్కింది

ప్రపంచంలో స్త్రీల ఉద్యమ పత్రాలు భద్రంగా ఉన్నచోట్లన్నీ ఒకే విధంగా మొదలయ్యాయి. ఎవరో ఒకరు తన పెట్టె తెచ్చి ఇచ్చారు. అమెరికాలో ఓటుహక్కు కోసం పోరాడిన మాడ్ వుడ్ పార్క్ 1943లో తన దగ్గరి కాగితాలను రాడ్‌క్లిఫ్ కళాశాలకు అప్పగించారు. అదే నేడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ష్లెసింజర్ గ్రంథాలయం. లండన్‌లోని స్త్రీల గ్రంథాలయాన్ని 1926లో ఓటుహక్కు ఉద్యమ సంఘమే ప్రారంభించింది. అక్కడ ప్రభుత్వాలు ముందుకు రాలేదు, ఉద్యమంలో ఉన్నవారే తమ ఉత్తరాలకు విలువ ఇచ్చుకున్నారు.

మన దగ్గరా అలాంటి మనుషులు లేకపోలేదు. హైదరాబాదులో అబ్దుస్సమద్ ఖాన్ జీవితమంతా ఉర్దూ పుస్తకాలు, పత్రికలు సేకరించారు. ఆ సేకరణ సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరి, షికాగో విశ్వవిద్యాలయం తోడ్పాటుతో ఉర్దూ పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. 2000 ఆగస్టు వరదల్లో ఆ కేంద్రంలోకి నీళ్ళు వచ్చాయి. తడిసిన పుస్తకాలను కాపాడుకోవడానికి పెద్ద ప్రయత్నమే చేయవలసి వచ్చింది. పంజాగుట్టలోని ఇదారె అదబియాతె ఉర్దూ, స్త్రీల అధ్యయనానికి 1985లో ఏర్పడిన అన్వేషి కూడా ఇలాంటి చోట్లే.

నగరంలోని గ్రంథాలయానికే వరద ముప్పు తప్పలేదు. మంజీర తీరపు పల్లెల మాటేమిటి? 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాను వానలు ముంచెత్తినప్పుడు నీళ్ళు వచ్చిన ఇళ్ళలో ముందుగా తడిసేది నేల మీది ట్రంకుపెట్టే. బియ్యం మళ్ళీ కొనుక్కోవచ్చు. నలభై ఏళ్ళ నాటి నికాహ్‌నామాను ఎక్కడ కొంటాం?

కొన్ని అభ్యంతరాలు

ఇంటి గుట్టు బయటపెట్టడం తప్పు కాదా అని కొందరు అడుగుతారు. నిజమే. సోదరుని లోపాన్ని కప్పినవారి లోపాన్ని అల్లాహ్ కప్పుతాడని మనం నమ్ముతాం. కానీ దాచడం వేరు, చాటడం వేరు. కాగితం భద్రంగా ఉంచడమంటే దండోరా వేయడం కాదు. గ్రంథాలయాలకు ఇచ్చేవారు ఇన్నేళ్ళ దాకా తెరవరాదని షరతు పెట్టవచ్చు. పేర్లు కనబడకుండా ఇవ్వవచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది ఆ స్త్రీ ఇష్టం. అన్న, కొడుకు, కమిటీ పెద్ద నిర్ణయించే సంగతి కాదిది.

మన ఇంటి గొడవలు చూపి మన సముదాయాన్ని వేలెత్తి చూపేవారికి ఈ కాగితాలు ఆయుధాలవుతాయన్న భయం మరొకటి. ఈ భయానికి కారణాలున్నాయి, మేము కాదనం. మన ఆడవాళ్ళ కన్నీళ్ళను తమ రాజకీయానికి వాడుకునేవారిని చాలామందిని చూశాం. అయితే మన కథ మనం దాచుకోకపోతే ఏమవుతుంది? వారు రాసిందే మిగులుతుంది. మన స్త్రీలు ఎవరో వచ్చి ఉద్ధరించే దాకా నోరెత్తలేదని రేపటి పిల్లలు చదువుకుంటారు. సుగ్రా బేగం పత్రిక ఆ అబద్ధానికి జవాబు. మహర్ కోసం ఊరి పంచాయితీలో నిలబడిన పేరులేని ఇల్లాలి స్టాంపు కాగితమూ జవాబే.

ఇక చేయవలసినది

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. నికాహ్ జరిగిన రోజే ఒక ప్రతిని వధువు చేతికి ఇవ్వాలి. మహర్ ఎంత, అప్పుడే చెల్లించినదెంత, బాకీ ఎంత, తండ్రి ఆమెకు ఇచ్చిన నగలేమిటి, అన్నీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. ఆమెకు చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. ముస్లిం పర్సనల్ లా బోర్డు 2005లో భోపాల్‌లో నమూనా నికాహ్‌నామా ప్రకటించింది. అది ఎన్ని మసీదులకు చేరింది? 2002 నాటి చట్టం ప్రకారం వివాహ నమోదు తప్పనిసరి. 2014 అక్టోబరులో షాదీ ముబారక్ పథకం వచ్చాక దాని కోసం కాగితాలన్నీ శ్రద్ధగా సిద్ధం చేస్తున్నాం. 1,00,116 రూపాయల చెక్కు కోసం పడే శ్రద్ధ, చెక్కు వచ్చిన మర్నాడు ఎందుకు పోవాలి? ఆ కాగితాలే మరో ఫైలులో పెట్టి ఆడపిల్ల చేతికి ఇవ్వడానికి ఖర్చు ఎంత?

పాతవాటి సంగతి. పెద్దావిడ చనిపోతే ఆమె పెట్టెను రద్దీవాడికి వేసే ముందు ఇంట్లో చదువుకున్న ఆడపిల్ల ఒకసారి కూర్చుని చూడాలి. అర్జీలు, తీర్పులు, సంఘం పుస్తకాలు, పాత ఉర్దూ పత్రికలు వేరు చేయాలి. ఫోనులో ఫొటో తీసి, అసలును ప్లాస్టిక్ కవరులో వేసి అటక మీద పెట్టాలి. ఉర్దూ చదవగలిగిన ముసలివారు ఉండగానే ఏ కాగితంలో ఏముందో తెలుగులో రెండు ముక్కలు రాయించుకోవాలి. ఇంకో ఇరవై ఏళ్ళు పోతే ఆ రాత చదివేవారు ఈ సరిహద్దు ఊళ్ళలో దొరకరు. డోంగ్లి, మద్నూర్, బాన్సువాడ మసీదు కమిటీలు తలచుకుంటే జుమా నమాజు తరువాత పది నిమిషాలు ఈ మాట చెప్పవచ్చు. వక్ఫ్ కాగితాల కోసం తిరిగిన ఆ యువకులే ఈసారి తమ తల్లుల కాగితాల కోసం కూర్చోవచ్చు.

బతికున్న పెద్దావిడలను అడగడం అన్నిటికన్నా ముందు పని. ఆమెకు రాత రాకపోవచ్చు, మాట ఉంది. పెళ్ళప్పుడు ఎంత మహర్ రాశారు, ఎవరు అడ్డుపడ్డారు, ఎవరు తోడు నిలిచారు, బడికి పంపమని ఎలా పోరాడింది, ఆమె చెబుతుంటే మనవరాలు ఫోనులో రికార్డు చేసుకుంటే చాలు. షాబానో మిగిల్చింది ఒక వేలిముద్ర. మన నానీలు, దాదీలు అంతకన్నా ఎక్కువే మిగల్చగలరు, మనం అడిగితే.

ఖలీఫా అంతటివారు ఆ పుటల కోసం హఫ్సా (రజి) గడప దగ్గరికి మనిషిని పంపారు. రేపు మన చరిత్ర కావాలని ఎవరైనా మన గడపకు వస్తే, ఇవ్వడానికి మన ఆడవాళ్ళ చేతిలో ఏమైనా ఉండాలి కదా. ఈ శుక్రవారం ఇంటికి వెళ్ళి ఆ ట్రంకుపెట్టె ఒకసారి తెరవండి.